రహీం సాహెబు: ఒక ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి

1956 నవంబరు 1వ తేదీతో కర్నూలుకు రాజధాని హోదా తీరిపోయింది. మూడేండ్లపాటు డేరాల్లోనూ అద్దె ఇండ్లల్లోనూ నడిచిన ఆఫీసులు, బీరువాలు, ఫైళ్ల కట్టలు, వాటి వెంబడి గుమాస్తాలు, అన్నీ అందరూ హైదరాబాదు దోవ పట్టినారు. ఆ సంగతి మన పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ. అయితే అదే నెలలో హైదరాబాదు కుర్రాళ్లు కొందరు అంతకన్నా దూరం ప్రయాణం కట్టినారన్న సంగతి మన ఊళ్లో ఎవరూ చెప్పుకోరు. వాళ్లు ఫుట్‌బాల్ ఆటగాళ్లు. పోయింది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు. కొత్త రాష్ట్రం పుట్టి సరిగ్గా నెల నిండిన డిసెంబరు 1న భారత జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డమీదనే 4–2 గోల్స్‌తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరింది. అంతవరకు ఆసియా ఖండంలోని ఏ జట్టూ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం పోలేదు.

ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. శిక్షకుడుగా ఆయన పేరు ఆటలమీద ఆసక్తి ఉన్నవాళ్లకు తెలుసు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అని సినిమా కూడా వచ్చింది. సినిమా సినిమానే, అందులో దానికి కావలసిన కల్పన ఉంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆయన చేసిన రెండో ఉద్యోగం గురించి. ఉద్యోగమని అనకూడదు, జీతం ఆయనకు బడిపంతులుగానే వచ్చింది. 1943 నుంచి చనిపోయేదాకా ఇరవై యేండ్లు ఆయన ఒక ప్రాంతీయ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కార్యదర్శి అంటే లెటర్‌హెడ్ మీద పేరు, సభల్లో వేదిక మీద ఒక కుర్చీ అనుకునేవాళ్లు మనలో లేకపోలేదు. రహీం సాహెబు ఆ కుర్చీలో కూర్చుని ఏం చేసినాడో చూస్తే ఆ అభిప్రాయం మార్చుకోవలసి వస్తుంది.

ముందుగా ఈ సంఘాలు ఎట్లా నడుస్తాయో తెలుసుకోవాల. ఫుట్‌బాల్ లోకం ఒక నిచ్చెన. కింది మెట్టు మీద ఊరి క్లబ్బు. క్లబ్బు జిల్లా సంఘంలో పేరు నమోదు చేసుకోవాల, చందా కట్టాల, తన ఆటగాళ్ల పేర్లు రాసి ఇవ్వాల. జిల్లా సంఘం లీగు పోటీలు పెడుతుంది, రెఫరీలను పంపుతుంది, కొట్లాటలొస్తే తీర్పు చెబుతుంది, జిల్లా జట్టును ఎంపిక చేస్తుంది. జిల్లాలన్నీ కలిస్తే రాష్ట్ర సంఘం. రాష్ట్ర జట్లు తలపడేది సంతోష్ ట్రోఫీలో, అది 1941 నుంచి జరుగుతున్నది. రాష్ట్ర సంఘాల పైన అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్. అది 1937లో సిమ్లాలో పుట్టింది. అంతకుముందు దేశం మొత్తానికి పెద్దరికం ఎవరిదని కలకత్తా సంఘానికీ తక్కిన రాష్ట్రాలకూ కొన్నేండ్లు పేచీ నడిచింది. 1948లో ఫెడరేషన్‌కు ఫిఫాలో సభ్యత్వం దొరికింది. 1954లో మనీలాలో ఆసియా సమాఖ్య ఏర్పడినప్పుడు మొదటి సభ్యుల్లో మన దేశం ఒకటి.

ఈ నిచ్చెనలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఫిఫా దేశానికి ఒక సంఘాన్నే గుర్తిస్తుంది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు మాత్రం ఆటకు పుట్టింటివాళ్లు గనుక ఒకే రాజ్యంలో ఉన్నా నాలుగు పీటలు వేసుకుని కూర్చున్నారు. మన కడప పట్నం జనాభాలో ఐదో వంతు కూడా లేని ఫారో దీవులకు 1988లో ఫిఫా సభ్యత్వం వచ్చింది. టాంజానియాలో భాగమైన జాంజిబార్‌ను 2017 మార్చిలో ఆఫ్రికా సమాఖ్య సభ్యురాలిగా చేర్చుకుంది. అది స్వతంత్ర దేశం కాదు గదా అని నాలుగు నెలలు తిరిగేసరికి జూలైలో ఆ సభ్యత్వాన్ని రద్దు చేసింది. గుర్తింపు ఇచ్చేవాళ్లు తీసుకోనూగలరు. మనకే 2022లో ఆ అనుభవం అయింది. సుప్రీంకోర్టు వేసిన కమిటీ చేతిలో ఫెడరేషన్ నడుస్తున్నదనీ, బయటివాళ్ల జోక్యం కుదరదనీ ఫిఫా ఆగస్టు నడుమ మన దేశాన్ని సస్పెండు చేసింది. పదకొండు రోజులకు ఎత్తేసింది. అక్టోబరులో మన దేశంలోనే జరగవలసిన బాలికల ప్రపంచ కప్పు చేయిజారిపోతుందేమో అని అందరూ హడలిపోయినారు.

అంటే ఎంత పెద్ద ప్రాంతమైనా దేశం ఫెడరేషన్ గుమ్మంలోనుంచి తప్ప ప్రపంచంలోకి పోలేదు. నిజాం హైదరాబాదు సామాన్యమైన సంస్థానం కాదు. 1941 జనాభా లెక్కల్లో కోటీ అరవై లక్షల పైచిలుకు మంది. సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, సొంత రైలు. ఆ గడ్డమీద 1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. అంత రాజ్యానికైనా ఫుట్‌బాల్‌లో వేరే పీట లేదు. ప్రపంచం ముందుకు పోవాలంటే అర్జీ ఎవరికి పెట్టుకోవాల? రహీం సాహెబు అర్జీలతో కాలం గడపలేదు. తన సంఘం తయారుచేసిన ఆటగాళ్లు లేకుండా దేశం జట్టు కట్టలేని పరిస్థితి తెచ్చినాడు. గుర్తింపు దానంతట అదే వచ్చింది. చెప్పడానికి రెండు వాక్యాలు. చేయడానికి ఆయనకు పదేండ్ల పైనే పట్టింది.

ఆయన పుట్టింది హైదరాబాదులో, 1909 ఆగస్టు 17న. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని అక్కడి జట్టులో ఆడినాడు. తరువాత కమర్ క్లబ్బుకు ఆడినాడు, అప్పట్లో స్థానిక లీగులో అది మంచి పేరున్న జట్టు. పొట్టకూటికి పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బళ్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్న తరువాత ఆటల బాధ్యత కూడా ఆయనకే అప్పగించినారు. ఆటగాడుగా ఆయన పెద్ద పేరు తెచ్చుకున్నవాడు కాదు. కానీ పంతులుతనం ఆయనను చివరిదాకా విడిచిపెట్టలేదు. జట్టు ముందు నిలబడి మాట్లాడుతుంటే క్లాసులో పాఠం వింటున్నట్లే ఉండేదని ఆయన శిష్యులు చెప్పుకునేవారు. గొంతు పెంచేవాడు కాదట.

సంఘం అధ్యక్షుడుగా ఆయనకు దొరికినవాడు కూడా సామాన్యుడు కాదు. ఎస్.ఎం. హాదీ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడినాడు, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ ఆయనదే. ఏడు ఆటలు ఆడతాడని ఇంద్రధనుస్సుతో పోల్చి రెయిన్‌బో హాదీ అని పిలిచేవారు. అధ్యక్షుడికి పలుకుబడి, కార్యదర్శికి ఓపిక. సంఘం నడవడానికి ఈ రెండూ కావాల. మూడోది పోలీసు శాఖ. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును ఫ్రువాల్ అనే శిక్షకుడు ముందుగానే ఒక దారికి తెచ్చి ఉండినాడు. 1950 నుంచి ఆ జట్టు రహీం చేతికి వచ్చింది. పేదింటి కుర్రవాడు ఎంత బాగా ఆడినా పెండ్లీడు వచ్చేసరికి ఆట మానేసి కూలికో, కొట్లో పనికో పోతాడు. పోలీసులో చేరితే నెల జీతమొస్తుంది, ఆటా ఉంటుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ రహస్యంలో సగం ఈ జీతమే అని నా అభిప్రాయం. మిగతా సగం రహీం.

ఆ మిగతా సగం ఏమిటో చూద్దాం. ఆయన కాలంలో మన దేశంలో ఆటగాడంటే బంతి కాళ్లదగ్గర పెట్టుకుని ముగ్గురిని నలుగురిని తప్పించుకుపోయేవాడు. జనం చప్పట్లు వాడికే. రహీం ఆ మోజు పోగొట్టడానికి డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి పోటీలు జరిపించినాడు. బంతి రాగానే తోటివాడికి ఇచ్చేయాల. ఇంకో పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాల. చూసేవాళ్లకు నవ్వొచ్చి ఉంటుంది. కాని ఆలోచిస్తే ఇవి శిక్షకుడు ఒక్కడే చేయగల పనులు కావు. శిక్షకుడు తన పదకొండు మందికి నేర్పగలడు. పోటీకి నియమాలు రాయగలిగేది, ఆ నియమాలు అన్ని క్లబ్బుల చేతా పాటింపజేసేది, రెఫరీకి చెప్పి ఈల వేయించేది సంఘం కార్యదర్శి. రహీంలో ఈ ఇద్దరూ ఒకే మనిషి. అందువల్ల ఆయన బుర్రలో పుట్టిన ఆలోచన ఊరంతా ఆడే ఆటగా మారింది.

ఇక ఆటగాళ్లను ఎట్లా పట్టుకున్నాడంటే, తులసీదాస్ బలరాం కథ చాలు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రవాడు, కటిక పేదరికం. పాత పోలీసు బూట్లు దొరికితే చెప్పులు కుట్టేవాడి దగ్గరకు తీసుకుపోయి వాటినే ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నవాడు. రహీం కంట్లో పడినాడు. శిబిరానికి రమ్మంటే అంతదూరం ఎట్లా రావాలని అడిగినాడు. బాడుగ సైకిలుకు డబ్బులు రహీం తన జేబులోనుంచి ఇచ్చినాడు. ఆ సైకిలు మీద వచ్చినవాడు 1956లో ఇరవై యేండ్ల వయసుకే ఒలింపిక్ జట్టులో ఉన్నాడు. భారత ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి ముగ్గురిలో ఒకడుగా రాసుకునేది ఈ బలరాంనే. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసినాడు.

ఫలితాలు త్వరగా చెప్పి ముందుకు పోదాం. బొంబాయి రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేండ్లు హైదరాబాదు పోలీసు జట్టుదే. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించినారు. 1954లో రెండు కప్పులూ వీళ్లవే. సంతోష్ ట్రోఫీలో మాత్రం 1949–50లోనూ ఆ మరుసటి యేడూ బెంగాల్ చేతిలో ఫైనల్‌లో ఓడిపోయినారు. ఆ బాకీ 1956–57, 1957–58ల్లో తీరింది, రెండుసార్లూ ఫైనల్‌లో బొంబాయిని కొట్టినారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే దేశంలో ఇది మామూలు మార్పు కాదు.

దేశం జట్టు బాధ్యత రహీంకు రావడానికి ఇదే కారణం. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఇరాన్‌ను 1–0తో ఓడించి భారతదేశం స్వర్ణం గెలిచింది, గోల్ చేసింది మేవాలాల్. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయినాం. మనవాళ్లలో కొందరు అప్పటికీ బూట్లు లేకుండా ఆడేవాళ్లు. అక్కడ చలి, తడి. మన నేల వేరు, మన ఆట వేరు. రాయలసీమ గరుసు నేలల్లో ఉత్త కాళ్లతో బంతి తన్నినవాళ్లకు ఆ అలవాటు ఎంత బలమైందో తెలుసు. కాని ప్రపంచం మన నేలమీదికి వచ్చి ఆడదు గదా. ఆ ఓటమి తరువాత ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. రహీం ఓటమికి సాకులు వెతకలేదు. యూరపు జట్లు, ముఖ్యంగా హంగరీ, ఎట్లా నిలబడి ఎట్లా కదులుతున్నాయో శ్రద్ధగా గమనించి ఆ పద్ధతులను తన జట్లకు నేర్పినాడు.

అందుకే మెల్‌బోర్న్‌లో కథ వేరుగా నడిచింది. మొదటి ఆట హంగరీతో, వాళ్లు రాలేదు గనుక నేరుగా తరువాతి రౌండుకు పోయినాం. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసినాడు. సెమీ ఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియా. ఈసారి 4–1. మూడో స్థానానికి బల్గేరియాతో ఆడి 3–0తో ఓడినాం. నాలుగో స్థానం. పతకం లేదు. కాని నాలుగేండ్ల కింద పది గోల్స్ మింగిన జట్టు అదేనా అని అందరూ ఆశ్చర్యపోయినారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇంకా పలువురు హైదరాబాదువాళ్లు. ఒక ప్రాంతీయ సంఘానికి అంతర్జాతీయ గుర్తింపు అంటే ఇది. పత్రం మీద హైదరాబాదు పేరు లేదు. మైదానంలో ఉంది.

ఇక్కడ మన సంగతి కొంచెం మాట్లాడుకోవాల. కర్నూలు, కడప జిల్లాలు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండినాయి. పైకి పోవాలంటే మద్రాసు ముఖం చూడాల. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తరువాత ఆంధ్రకు వేరే సంఘం. 1956లో రాష్ట్రాలు కలిసినాయి గాని ఫుట్‌బాల్ సంఘాలు వెంటనే కలవలేదు. చూడండి, రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అయిన తరువాత కూడా సంతోష్ ట్రోఫీ గెలిచింది హైదరాబాదు పేరుతోనే. 1959లో హైదరాబాదు, ఆంధ్ర సంఘాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అయినాయి. కార్యదర్శిగా రహీమే కొనసాగినాడు.

ఈ కలయిక వల్ల మనకు మేలు జరిగిందా? కాగితం మీద జరిగింది. కర్నూలు క్లబ్బు కుర్రవాడికీ మెల్‌బోర్న్ జట్టును తయారుచేసిన మనిషికీ నడుమ ఇప్పుడు రెండే మెట్లు. అయితే మెట్టు ఉండటం వేరు, ఎక్కడం వేరు. రహీం పద్ధతి అంతా దగ్గరితనం మీద ఆధారపడింది. బళ్లు ఆయనకు తెలుసు, గల్లీలు తెలుసు, ఫతే మైదానంలో సాయంత్రంపూట ఎవరెవరు ఆడుతున్నారో తెలుసు. అమ్ముగూడ నుంచి బాడుగ సైకిలు మీద రావచ్చు. ప్రొద్దుటూరు నుంచి ఎట్లా రావాల? ఆత్మకూరు నుంచి? పంతులు ఉద్యోగం, పోలీసు జట్టు, దేశం జట్టు, సంఘం లెక్కలు, ఇన్నీ ఒక్క మనిషి మోస్తుంటే దూరపు జిల్లాలదాకా ఆ కన్ను చేరాలనడం అత్యాశ. ఆయన్ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒక మనిషి చూపు ఎంతదూరం ఆనుతుందో సంఘం అంతదూరమే ఉంటే అది సంఘం అనిపించుకోదు, అంతే. జిల్లాల్లో మరో నలుగురు రహీంలను తయారుచేసే ఏర్పాటు అప్పుడు కావలసింది. అటువంటి ఏర్పాటు మన వైపు వేళ్లూనుకోలేదు. ఒలింపిక్ జట్ల పేర్లు చదువుతుంటే హైదరాబాదు, సికింద్రాబాదు పేర్లే కంటికి ఆనుతాయి.

1960 రోములో మన గుంపు చాలా గట్టిది: హంగరీ, ఫ్రాన్సు, పెరూ. హంగరీతో 2–1 తేడాతో ఓడినాం, ఫ్రాన్సుతో 1–1 సమంగా నిలిచినాం, పెరూతో 3–1 తేడాతో ఓడినాం. హంగరీ మీదా పెరూ మీదా గోల్ చేసింది బలరామే. ఆ జట్టులో రహీం కొడుకు హకీం కూడా ఉన్నాడు గాని మైదానంలోకి దిగే అవకాశం రాలేదు. తండ్రి శిక్షకుడు, కొడుకు బెంచీ మీద. మన కాలంలో ఇటువంటివి అరుదు గనుక చెబుతున్నాను.

ఆఖరి ఘట్టం జకార్తా, 1962. ఇక్కడ గుర్తింపు అనే మాట మళ్లీ వస్తుంది, ఈసారి వికృతంగా. నాలుగో ఆసియా క్రీడలకు ఇండొనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు వీసాలు ఇవ్వలేదు. సభ్యులను రానీయకపోతే ఇవి ఆసియా క్రీడలు ఎట్లా అవుతాయని ఆసియా క్రీడల సమాఖ్యలో ఉన్న మన జి.డి. సోంధీ అడిగినాడు. నియమం ప్రకారం ఆయన మాట సరైనదే. కాని జకార్తా వీధుల్లో జనం రెచ్చిపోయి మన రాయబార కార్యాలయం మీద పడినారు. భారతదేశం పేరున్న బస్సులో పోవాలంటే ఆటగాళ్లకు భయం. ఆ మరుసటి యేడు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇండొనేషియాను సస్పెండు చేసింది. కాని సెప్టెంబరు 4న ఫైనల్ ఆడవలసిన పదకొండు మందికి అదేం ఉపయోగం? దాదాపు లక్షమంది ఉన్న స్టేడియంలో మన జాతీయ గీతం కూడా వినపడకుండా గోల చేసినారు.

అప్పటికే రహీం ఒళ్లు బాగలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. జట్టు కూడా సగం ఆసుపత్రిలాగానే ఉంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడినారు. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి ఆరు కుట్లు పడినాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. రహీం ఏం చేసినాడంటే, తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను అలవాటైన వెనక స్థానంలో ఆడించకుండా ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించినాడు. జర్నైల్ మంచి ఎత్తరి, బలశాలి. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ చేసినాడు. 3–2తో గెలిచినాం. ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియా. జ్వరం తగ్గిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టినాడు. ముందురోజు రాత్రి కుర్రాళ్లను కూర్చోబెట్టి తనకు రేపు ఒక కానుక కావాలని, అది స్వర్ణమేనని అడిగినాడని ఆ జట్టువాళ్లు ముసలితనంలో కూడా కండ్ల నీళ్లతో చెప్పుకున్నారు. మొదటి సగంలోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టినారు. చివరలో కొరియా ఒక గోల్ చేసింది. 2–1. ఆ జట్టులో యూసుఫ్ ఖాన్, అఫ్జల్ మన ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టువాళ్లు. బలరాం అప్పటికి కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో ఆడుతున్నా పెరిగింది రహీం నీడనే.

హైదరాబాదుకు తిరిగొచ్చిన తరువాత ఆయన మంచం పట్టినాడు. 1963 జూన్ 11న చనిపోయినాడు. వయసు యాభై నాలుగు కూడా నిండలేదు. ప్రభుత్వ బిరుదులు, పద్మ పురస్కారాలు ఆయనకు రాలేదు. ఆయన పోయేనాటికి కూడా సంఘం కార్యదర్శి ఆయనే.

తరువాతి లెక్క కొద్దిమాటల్లో తేలిపోతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత పోటీల్లో ఇరాన్ చేతిలో ఓడి పోలేకపోయినాం. అప్పటినుంచి ఇప్పటిదాకా భారత పురుషుల జట్టు ఒలింపిక్ మైదానంలో అడుగుపెట్టలేదు, రోమే ఆఖరు. ఆసియా క్రీడల స్వర్ణమూ జకార్తాదే ఆఖరు. హైదరాబాదులో ఫుట్‌బాల్ కొన్నాళ్లు పాత ఊపు మీద నడిచింది. మంచి కుర్రాళ్లను కలకత్తా క్లబ్బులు పిలుచుకుపోయినాయి, లీగు పలచబడింది. రహీం ఇరవై యేండ్లలో కట్టినదానికి తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయిందేమో అనిపిస్తుంది. కొడుకు హకీం మాత్రం ఆటను వదల్లేదు. వైమానిక దళంలో పనిచేసినాడు, సర్వీసెస్‌కు ఆడినాడు, అంతర్జాతీయ రెఫరీ అయి 1988 ఆసియా కప్పులో ఈల వేసినాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021 ఆగస్టులో గుల్బర్గాలో కన్నుమూసినాడు.

2014లో రాష్ట్రం విడిపోయింది. ఫుట్‌బాల్ సంఘమూ రెండయింది. రహీం ఊరు, ఫతే మైదానం, బలరాం అమ్ముగూడ అన్నీ తెలంగాణ సంఘం కిందికి పోయినాయి. ఆంధ్రప్రదేశ్ సంఘం అనే పేరు మన వైపు మిగిలింది. కడపలో 2006 నుంచి ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. పక్కన అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ మైదానాలు వేసి పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నది. బాడుగ సైకిలు మీద పోగలిగినంత దూరంలో నేర్పేవాళ్లుండటం మన సీమకు కొత్త.

ఇంకొక్క సంగతి. రహీం చనిపోయిన మూడేండ్ల లోపలే, 1965–66 సంతోష్ ట్రోఫీ ఫైనల్ కేరళలోని కొల్లంలో జరిగింది. మొదటిరోజు బెంగాల్‌తో 1–1 సమం. మళ్లీ ఆడినారు. ఈసారి 1–0 తేడాతో మనవాళ్లు గెలిచినారు. ఆయన కార్యదర్శిగా ఉండి కలిపిన సంఘం, ఆయన పెంచిన కుర్రాళ్లు. ఆ ట్రోఫీ విజేతల జాబితాలో ఆంధ్రప్రదేశ్ అని రాసింది ఆ ఒక్కసారే.